తిరగలి ఎవరిది?

రాజుగారి దగ్గర తిరగళ్లు అమ్మే గుత్త సంపాదించగానే భూపాలయ్యకి కళ్లు నెత్తికెక్కాయి. జనం ఎప్పుడో తన దగ్గరే డబ్బు పోసి కొనుక్కున్న తిరగళ్లకి కూడా నెలనెలా సొమ్ము కట్టమన్నాడు. కట్టలేదని గవరమ్మ తిరగలి పిడి ఊడబెరికాడు. సంకటికి పెట్టిన ఎసరు మరుగుతోంది, పిండి లేదు.

"ఇది నేను కొన్నది కదయ్యా" అంది గవరమ్మ.

"నువ్వప్పుడిచ్చిన డబ్బు వాడుకున్నందుకే. తిరగలి ఎప్పటికీ నాదే."

"వీధంతా వినేలా చెప్పండి."

ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు.

"అయితే తమరి బండ ఇన్నేళ్లుగా నా వంటింట్లో ఊరికే కాపురముంటోంది. దానికి అద్దె కట్టండి. లేదా ఇప్పుడే మోసుకుపోండి."

"మా ఇంట్లోదీ అంతే" అంటూ ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చారు.

భూపాలయ్య వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. పిడి గవరమ్మ చేతిలో పెట్టి, "తిరగలి నీదేలే" అని గొణిగాడు.

"ఇదీ వీధంతా వినేలా చెప్పండి" అంది గవరమ్మ.