సూది చీటీ

దస్తగిరికి తన గురువు దగ్గర నచ్చనిది ఒక్కటే. చీటీ.

కుక్క కరిచినవాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆ గుట్ట కింది దర్గాకే వస్తారు. లోటాతో నీళ్లు తెస్తారు. దస్తగిరి గురువు హుస్సేన్ పీర్ సాహెబ్ దువా చదివి ఆ నీళ్లలో ఊదుతాడు. తాగి పోతారు. ఊదే ముందు మాత్రం ముసలాయన చెయ్యి చాపుతాడు.

"ఆస్పత్రి చీటీ ఏదీ?"

సూది వేయించుకున్నట్టు చీటీ చూపిస్తేనే దువా. లేకపోతే ఎంతటివాణ్ణయినా ముందు ఆస్పత్రికి బస్సెక్కించడమే.

పన్నెండేళ్లుగా సేవ చేస్తున్న దస్తగిరికి ఇది తలవంపుగా ఉండేది. "అల్లా దగ్గరికి డాక్టరు చీటీ పట్టుకొని పోవాల్నా హజ్రత్?" అని ఒకసారి అడిగేశాడు కూడా. గురువు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు శిష్యుడికి చేతకానితనంలా కనిపించింది.

ఎండలు ముదరకముందు గురువు ఉరుసుకని మూడు రోజులు పొరుగూరు పోయాడు. ఆయన గద్దె మీద దస్తగిరి కూర్చున్నాడు. రెండోనాడు ఓబులమ్మ అనే కూలిమనిషి ఎనిమిదేళ్ల కూతురిని తెచ్చింది. పిల్ల పిక్క మీద కుక్క పళ్లు దిగిన గాట్లున్నాయి. ఆస్పత్రి దూరం, దర్గా దగ్గర. అందుకని ముందు ఇక్కడికే వచ్చింది.

"చీటీ ఎందుకమ్మా? నమ్మకముంటే చాలు," అని దస్తగిరి ఊదాడు. పిల్ల గటగటా తాగింది. ఆ పూట అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

నలభై రోజులు తిరక్కముందే ఆ పిల్ల నీళ్లను చూసి కేకలు పెట్టింది. మూడోనాటికి పోయింది. కబురు విన్న దస్తగిరి రెండు రోజులు అన్నం ముట్టక ఏడ్చాడు. గురువుకు నిజం మాత్రం చెప్పలేదు. ఏడవడానికి ధైర్యం అక్కర్లేదు కదా.

ఆ తర్వాత ఐదోనాడు ఓబులమ్మ వచ్చింది. తిట్టడానికి కాదు. తిట్టినా బాగుండేది. ఒక చేతిలో నీళ్ల లోటా ఉంది. ఇంకో చేతికి గుడ్డ కట్టుంది.

"పోయేముందు బిడ్డ కరిచింది సామీ. నోట్లో నాలుగు చుక్కలు పోద్దామని పోతే..." ఆమె గుడ్డ కట్టిన చెయ్యి చూపించింది. "ఆ దినం నాకే నమ్మకం తక్కువైంది. మీరు ఊదతాంటే, ఆస్పత్రికి గూడా పోతే మేలేమో అని మనసులో అనుకుంటి. అందుకే బిడ్డ పాయ. ఈసారి గట్టిగా నమ్ముతా. ఊదండి సామీ."

మూలన తస్బీ పూసలు తిప్పుకుంటున్న గురువు అంతా విన్నాడు. లేచి వచ్చి, ఆమె చేతిలోని లోటా తీసుకొని శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఊదు."

దస్తగిరి లోటాను పెదవుల దాకా తెచ్చాడు. ఊపిరి రాలేదు. లోటా కింద పెట్టేశాడు.

"చీటీ... చీటీ ఏదమ్మా?"

"అదేంది సామీ! చీటీ వద్దని మీరే చెప్తిరే!"

"తప్పు చెప్పినా తల్లీ. నీ నమ్మకం తక్కువై కాదు. ఆ దినమే సూది వేయించింటే పాప బతికుండేది."

ఓబులమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయితే నా బిడ్డను..."

మాట పూర్తి చేయలేదు. చేసి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో.

గురువు అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు. "పద తల్లీ, పదకొండు గంటల బస్సుంది."

దస్తగిరి వెంటపడ్డాడు. "నేనూ వస్తా హజ్రత్. ఆయమ్మ కోసం దువా చేస్తా."

"నువ్వడిగిన దినం నేను నవ్వి ఊరుకున్నా. ఆ తప్పు నాది," అన్నాడు ముసలాయన, వెనక్కి తిరక్కుండానే. "దువా నేను బస్సులో చేస్తా. నువ్వు గద్దె మీద కూర్చొని చీటీలడుగు."