చెంగల్రాయుడి ఎరుపు

ఇంద్రాణికి ఎరుపు రాలేదు.

తక్కినవన్నీ వచ్చాయి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లరంగులో కలం ముంచి ఆమె గీత లాగితే వెంట్రుకవాసి వణుకు ఉండేది కాదు. పసుపు వచ్చింది, నీలం వచ్చింది. ఎరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుడ్డ పాత చింతపండులా తేలేది.

చెంగల్రాయుడి దగ్గర కలంకారీ పనికి చేరినప్పుడు ఆమె ఓణీ వేసుకునే పిల్ల. ఇప్పుడు ఆమె కూతురు ఓణీ వేసుకుంటోంది.

చెంగల్రాయుడి ఎరుపంటే మద్రాసు దాకా పేరు. చెట్ల వేళ్లు, బెరళ్ల రంగు తప్ప మరొకటి తాకని చెయ్యి అని ఆయనకు శాలువాలు కప్పారు. దూరాల నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఆ గుడ్డల ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

పని చూస్తే ఏమంత మర్మం లేదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూయాలి. ఆరనిచ్చి, మంజిష్ఠ వేళ్లు వేసి రాగి కాగులో ఉడికించాలి. పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది. అవే వేళ్లు, అదే పటిక, పెరట్లో అదే బోరు నీళ్లు. ఆయన ఉడికిస్తే దానిమ్మ గింజ, ఆమె ఉడికిస్తే చింతపండు.

ఎరుపు వేసే రోజు ఆయన కాగు ఉన్న కొట్టంలోకి ఒక్కడే వెళ్లి తలుపు గడియ పెట్టుకునేవాడు. లోపల ఏదో జపం చేస్తాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

ఒకసారి ఇంద్రాణి అడిగేసింది.

"అయ్యోరా, నా చేత ఎందుకు కావడం లేదు?"

చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని, ఎండిపోయిన ఏటి వైపు చాలాసేపు చూశాడు.

"ఎరుపు చేతిలో ఉండదు పాపా. మనసులో ఉంటుంది. లోపల మురికి ఉంటే గుడ్డ మీదికి వస్తుంది" అన్నాడు.

ఆమె ఆ మాట కొంగున ముడి వేసుకుని పోయింది. అడిగినవాళ్లకల్లా అదే చెప్పింది.

చేపల కూర మానేసింది. చీటికీ మాటికీ మొగుడు కసురుకుంటే తిరిగి ఒక్క మాట అనడం మానేసింది. ఇరుగుపొరుగు కొళాయి దగ్గర పోట్లాడుకుంటే బిందె అక్కడే వదిలేసి వచ్చేది. అయినా గుడ్డ చింతపండు రంగే తేలింది. ఇంకా ఎక్కడో మురికి ఉందనుకుంది.

ఆ తర్వాత చేను గొడవ వచ్చింది. ఏటి గట్టున వాళ్లకొక వేరుశెనగ చేను ఉండేది. దాన్ని ఆమె పెద్దబావ, అంటే మొగుడి అన్న మునస్వామి, కాగితాలు మార్పించి తన పేరున రాయించుకున్నాడు. మొగుడు అన్న ముందు నోరెత్తే మనిషి కాదు. ఇంద్రాణే నిలదీయాలి. బయల్దేరింది కూడా. దారిలో చెంగల్రాయుడి ఇల్లు. ఆమె ముఖం చూసి ఆయన ఏమైందని అడిగాడు. చెప్పింది.

"ఇంత కోపం పెట్టుకుని రేపు కాగు ముందర ఎట్ల కూచుంటావు?" అన్నాడాయన.

ఆమె అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. మునస్వామి ఆ కారు పంటకు చేను తనే దున్నాడు. తర్వాతి కారు కూడా తనే దున్నాడు.

*

ఆ ఏడు ఎండలు ముదిరాక ఇంద్రాణి కొండ కింద ఉన్న పుట్టింటికి వెళ్లింది. ఊరికే కూర్చోవడం చేతకాక పటిక పూసిన గుడ్డముక్క ఒకటి, గుప్పెడు వేళ్లు వెంట తీసుకుపోయింది. ఇంటి వెనక సెలయేరు ఉంది. బిందెతో నీళ్లు తెచ్చి, అమ్మ వడ్లు ఉడకబెట్టే గుండిగలో గుడ్డ వేసింది.

గుడ్డ పైకి తీసి వెలుతురుకు పట్టుకుంది.

ఎరుపు! తడిగా, దానిమ్మ గింజలా.

అమ్మను పిలిచింది. తమ్ముడి భార్యను పిలిచింది. వాళ్లకు అందులో వింతేమిటో అర్థం కాలేదు. ఇంద్రాణి గుడ్డ ముఖానికి అదుముకుని ఏడ్చింది. లోపలున్నదంతా కడుక్కుపోయిందనుకుంది.

మర్నాడే బస్సెక్కింది.

చెంగల్రాయుడు అరుగు మీద ఉన్నాడు. ఆమె గుడ్డ ఆయన ఒళ్లో పరిచింది. ఆమె నిలబడిన తీరే మారిపోయింది.

"చూడండి అయ్యోరా. ఇది మీదో నాదో ఎవరైనా చెప్పగలరా?"

ఆయన గుడ్డను వేళ్లతో తడిమాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆ ఎరుపు చూసి ఆయన ముఖంలో సంతోషం కాని, అసూయ కాని రాలేదు. చచ్చిపోయినవాళ్లెవరో కలలో కనిపించినట్టు చూశాడు.

"యాడ వేసినావు?" అన్నాడు.

"పుట్టింట్లో. నమ్మకం లేకుంటే ఇప్పుడే మీ కాగులో వేసి చూపిస్తా."

"వద్దులే పాపా."

"ఎందుకు వద్దు? ఇన్నేళ్లూ మీరు తలుపు మూసుకున్నారు. ఈ రోజు నేను తలుపు తెరుచుకుని వేస్తా."

ఆయన లేచి ఆమె వెనకే నడిచాడు.

ఇంద్రాణి కొట్టంలో పొయ్యి రాజేసింది. బోరు నీళ్లు కొట్టి కాగు నింపింది. వేళ్లు దంచి వేసింది, ఇంకో గుడ్డముక్కకు పటిక పూసి ఆరాక అందులో దించింది. కట్టెతో కలుపుతూ నిలబడింది. చెంగల్రాయుడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

గుడ్డ బయటికి తీసింది. చింతపండు.

ఆమె దాన్ని తిప్పి చూసింది. కాగులో మళ్లీ ముంచి తీసింది. కట్టె పక్కన పడేసి పొయ్యి ముందు కూలబడింది.

"బస్సు దిగి వస్తా ఉంటే పెద్దబావ మా చేన్లో కాయ పెరికిస్తా కనిపించినాడు. చూడగానే నా కడుపు మండింది అయ్యోరా. వాడు నాశనమై పోవాలనుకున్నా. అదే దిగింది గుడ్డలోకి." ముఖం తుడుచుకుంది. "ఇంక ఆ దారిన రాను. చుట్టూ తిరిగి వస్తా. ఆ చేనే నాకు లేదనుకుంటా. ఇంకేం మానుకోమంటారో చెప్పండి, మానుకుంటా."

చెంగల్రాయుడు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

అటక మీది నుంచి ఒక రేకు డబ్బా దించాడు. మూలనున్న పెద్ద గుడ్డ తీశాడు. అది పట్నం వాళ్లకు వెళ్లాల్సిన పెళ్లి ఘట్టం బొమ్మ. గీతంతా ఇంద్రాణిదే, పటిక పూసి ఎరుపు కోసం ఆగి ఉంది. ఆయన డబ్బా మూత తీసి గరిటెడు పొడి అదే కాగులో, అవే నీళ్లలో వేశాడు. ఆమె కళ్లెదుటే. తలుపు మూయలేదు. గుడ్డను కాగులోకి దించి, వణికే చేతులతో కట్టె పట్టుకుని కలిపాడు.

పెళ్లికూతురి చీర ఎర్రబడింది. పందిరి ఎర్రబడింది. పారాణి ఎర్రబడింది.

ఇంద్రాణి లేచి డబ్బాలోకి తొంగి చూసింది. బజారులో అమ్మే రసాయనపు రంగు పొడి. డబ్బాకు అంటించిన దుకాణం చీటీ కూడా ఊడలేదు.

"ఎప్పటి నుంచి?" అంది.

"ఏట్లో ఇసకంతా తోడుకుని పోయినప్పటి నుంచి. ఏరు పోయింది, బోరు వేసుకున్నాం. ఈ నీళ్లలో ఇనుముంది. ఎవురు ఉడికించినా ఇంతే." ఆయన కలపడం ఆపలేదు. "మొదట నాకూ ఇదే రంగు వచ్చింది. నా మనసే చెడిందనుకుని ఆ ఎండాకాలమంతా దేవుడి కొండ ఎక్కుతా దిగుతా ఉన్నాను."

"మరి నాకు మనసని చెప్పినారే?"

"నువ్వు అడిగిన పొద్దు నాకు నిజం నోట్లోకి రాలేదు. ఏదో ఒక మాట అన్నాను. నువ్వు నమ్మినావు. పోయి నలుగురికీ చెప్పినావు. వాళ్లూ నమ్మినారు."

"తర్వాతైనా చెప్పుండొచ్చు కదా?"

"చెప్పుంటే నువ్వు పోయుంటావు. నా చేతులు చూడు. గీసేదెవురు?"

కాగు సలసలా మరుగుతోంది. ఇంద్రాణి ఆ చేతులే చూస్తూ నిలబడింది.

"చేను పోయింది అయ్యోరా" అంది.

ఆయన కట్టె గోడకు ఆనించి, గూట్లోంచి కలం తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఎప్పుడూ గుడ్డ మూలన నా పేరే రాస్తా వచ్చినాం. ఈసారి నీ పేరు రాసుకో."

"ఆ ఎరుపు కిందనా?" అంది ఇంద్రాణి.

కలం తీసుకోలేదు. అయినా గుడ్డ ఎక్కువసేపు ఉడికితే అంచులు పాడవుతాయని ఆమెకు తెలుసు. కట్టెతో పైకి లేపింది. చల్లార్చి, జాడించి, పిండింది. పెరట్లోకి తీసుకుపోయి ముడత లేకుండా ఆరేసింది. పెళ్లికూతురి కంటి దగ్గర అంటుకున్న వేరు పీచును గోటితో తీసేసింది. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

చెంగల్రాయుడి భార్య రాజమ్మ, అన్నం తిని పొమ్మని వెనక నుంచి పిలిచింది. ఆమె తిరిగి చూడలేదు.

*

పొద్దు వాలకముందే ఊరి నడిమి వీధిలో కేకలు వినిపించాయి. జనం పనులు వదిలి ఇళ్లలోంచి బయటికి వచ్చారు. అన్నేళ్లలో గట్టిగా మాట్లాడిందని కూడా ఎవరూ ఎరగని ఇంద్రాణి, మునస్వామి వాకిట్లో నిలబడి అరుస్తోంది. చేను పేరు పెట్టి, గట్టు పేరు పెట్టి, మోసం పేరు పెట్టి అరుస్తోంది. మునస్వామి తలుపు వేసుకున్నాడు. కాగితాలు ఎప్పుడో అతని పేరున అయిపోయాయి. అరిస్తే వెనక్కి వచ్చేది కాదని ఆమెకూ తెలుసు. మొగుడు చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

ఊరి పెద్దమనిషి ఒకాయన చెంగల్రాయుడి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అరుగు మీద గుడ్డ మడత పెడుతున్నాడాయన. పట్నం వాళ్ల కారు వచ్చే వేళయింది.

"స్వామీ, మీరు వచ్చి ఒక మాట చెప్పండి. మీ మాటైతే వింటుంది. ఉన్నట్టుండి ఏం పట్టిందో ఏమో, మునస్వామిని పట్టుకుని ఊరంతా వినేట్టు తిడతా ఉంది."

చెంగల్రాయుడు మడత ఆపి విన్నాడు. వీధి చివరి నుంచి ఆ గొంతు వస్తూనే ఉంది.

"అరవనీ. ఆపొద్దండి" అన్నాడు. "ఆయమ్మ నా వాకిట్లో నిలబడి అరవాల్సింది."