రేగులదిన్నె సగంరాయి

పూర్వం, నల్లమల కొండల తూర్పువైపున నాపరాళ్ల గనులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలంలో, ఎర్రవాగు ఒడ్డున రేగులదిన్నె అనే చిన్న పల్లెలో తీతయ్య అనే ఉపదేశి నివసించేవాడు. రాళ్లు కొట్టి బతికే ఇంట పుట్టి, మిషను బడిలో చదువు నేర్చి, ఉలి పట్టిన చేతితోనే వేదగ్రంథం పట్టుకున్న ఆ భక్తుడు వాగుకు ఇరువైపులా ఉన్న ఏడు పల్లెలూ కాలినడకన తిరుగుతూ, పసిపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ప్రార్థనలూ కీర్తనలూ కంఠస్థం చేయించేవాడు. తీతయ్య చెప్పిన పాఠం ఒకసారి విన్నవారు మరిచిపోవడం ఉండదని ఆ ప్రాంతమంతా చెప్పుకునేవారు. ఆ మాట తన చెవిన పడినప్పుడల్లా అతడు తల వంచుకునేవాడు గానీ, లోలోపల సంతోషించేవాడు.

అతని భార్య మాణిక్యమ్మ గనిలో రాళ్లు మోసేది, ఆమెకు అక్షరం ముక్క రాదు. వారి ఏకైక సంతానం సలోమి అనే ఎనిమిదేళ్ల ఆడపిల్ల. తీతయ్య ప్రతి ఉదయం గడపలో చెప్పులు తొడుక్కుంటూ ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి, దాన్ని పైకి వల్లిస్తూనే వీధిలోకి నడిచేవాడు. వాకిట్లో నిలబడిన సలోమి అతని మాట వెంట మాట కలిపేది. దినదినం కావలసిన అన్నం పెట్టమని తండ్రిని వేడుకునే మాట దగ్గరికి వచ్చేసరికి అతడు కంపకంచె మలుపు తిరిగిపోయేవాడు. ఆ తర్వాతి మాటలు పిల్లకు వినిపించేవి కావు. గుడిలో జనమంతా ఒక్కసారిగా గొణిగే ప్రార్థనలోనూ అవి ఆమెకు చిక్కేవి కావు. ఆ సంగతి అతడికి తెలియదు, వెనక్కి తిరిగి చూసిన రోజూ లేదు.

ఒక సాయంకాలం సలోమి అతని కాళ్ల దగ్గర చేరి, "నాయనా, వాగవతల పిల్లలకు చెప్పే కథ నాకూ చెప్పవా?" అని అడిగింది.

"ఆదివారం గుడిలో చెబుతా కదా తల్లీ, అందరితో పాటు విందువులే."

"అందరితో కాదు నాయనా. నాకు."

తీతయ్య నవ్వి, పిల్ల తల నిమిరి, నడిచి నడిచి వాచిన కాళ్లు చాపుకుని నిద్రపోయాడు. ఉపదేశి ఇంటి బిడ్డకు వేరే ఉపదేశం ఎందుకు, ఇంటి గాలితోనే భక్తి అబ్బుతుందని అతడు మనస్ఫూర్తిగా నమ్మాడు. ఊరి పిల్లల కోసం అరిగిన అతని గొంతు ఇల్లు చేరేసరికి మూగబోవడం ఒక లోపమని అతడికి తోచలేదు, తోచేటట్లు చెప్పినవారూ లేరు.

ఆ ఏడు వానలు విపరీతంగా కురిశాయి. వాగవతలి పల్లెలో తొమ్మిదిమంది పిల్లలకు బాప్తిస్మానికి ముందు జరగవలసిన పరీక్ష నిమిత్తం తీతయ్య వెళ్లి ఉండగా, గనిలో పనిచేసే బర్నబా అనే మనిషి వాగు దాటి వచ్చి, "ఉపదేశయ్యా, పాపకు జ్వరం తగిలింది. నిన్ను అడుగుతా ఉంది" అని చెప్పాడు. తీతయ్య ఒక క్షణం తటపటాయించాడు. ఎదురుగా తొమ్మిదిమంది పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "రేపు పరీక్ష ముగియగానే వస్తానని చెప్పు బర్నబా" అన్నాడు.

మరునాడు పరీక్ష ముగిసింది. పిల్లలు ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పారు. కానీ అప్పటికి వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. రెండు పగళ్లు అతడు ఒడ్డున నిలబడి ఆవలి గట్టున తన పల్లె పొగ చూస్తూ గడిపాడు. మూడవనాటి ఉదయం నడుములోతు నీటిలో పడుతూ లేస్తూ ఇల్లు చేరేసరికి, సలోమిని మట్టి చేసి ఒక రోజు గడిచిపోయింది.

మాణిక్యమ్మ ఏడవలేదు. భర్త ముఖంలోకి చూస్తూ నిదానంగా చెప్పింది. "నీ ప్రార్థన చెప్పుకుంటా పడుకుంది. అన్నం పెట్టమనే మాట దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమిటమ్మా అని అడిగింది. నాకేం తెలుసు? మీ నాయన వచ్చి చెబుతాడు, పడుకో అన్నా. మళ్లీ మొదటినుంచి చెప్పుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. పోయేదాకా అదే అడిగింది."

తర్వాత ఏమిటో తీతయ్యకు తెలుసు. మా తప్పులు మన్నించమని తండ్రిని వేడుకునే మాట అది. వెయ్యిమంది పిల్లల చేత పలికించిన ఆ మాట ఆనాడు అతని గొంతు దాటి బయటికి రాలేదు.

నలభై దినాలు అతడు ఇల్లు కదలలేదు. ఆ తర్వాత ఒకనాడు మాణిక్యమ్మే అతని ముందు కూర్చుని, "ఆ మిగతాది నాకు చెప్పు" అంది. "ఇప్పుడెందుకే?" అన్నాడు తీతయ్య. "నేను పోయి దాన్ని కలుసుకున్నప్పుడు మళ్లీ అడుగుతుంది. అప్పుడు కూడా తెలియదని చెప్పమంటావా?" అంది ఆమె. అతడు ఒక్కొక్క మాటే చెప్పగా, ఆమె ఒక్క పూటలో నేర్చుకుంది. నేర్చుకుని, అప్పుడు ఏడ్చింది.

ఆనాటినుంచి తీతయ్య పద్ధతి మారింది. ఏ పల్లెకు వెళ్లినా పిల్లలను కూర్చోబెట్టడం మానేసి, పొద్దు వాలే వేళ తల్లిదండ్రులను పిలిచి, వారికి నేర్పి, ఇంటికి పోయి బిడ్డలకు చెప్పుకోండని పంపించేవాడు. జనం విస్తుపోయారు. బర్నబా అందరి తరఫునా నిలబడి, "ఉపదేశయ్యా, మాకు అక్షరం రాదు. మేము పిల్లలకేం చెబుతాం?" అన్నాడు.

"నాకు అక్షరం వచ్చు బర్నబా. నేనేం చెప్పాను?" అన్నాడు తీతయ్య.

ఆ పూటే వారు నేర్చుకోవడానికి కూర్చున్నారు. తర్వాత గంజి కాచే వేళ, తల దువ్వే వేళ, గనికి పోయే దారిలో, ఏ ఇంటి ప్రార్థన, ఏ ఇంటి కథ ఆ ఇంట్లోనే వినిపించసాగాయి.

కొంతకాలానికి గత్తర, అంటే కలరా, సోకి ఆ ప్రాంతం చెల్లాచెదురైంది. మందిరం కూలిపోయింది. మూడేళ్లపాటు పాస్టరు అడుగుపెట్టలేదు. నాలుగో ఏట వచ్చిన పెద్ద పాస్టరుగారు, అంతా మొదటినుంచి నేర్పాల్సి ఉంటుందేమోనన్న దిగులుతో రేగులదిన్నె పిల్లలను పిలిచి అడిగితే, అందరూ ప్రార్థన చివరిదాకా చెప్పారు. ఒక్కో ఇంటి పిల్లలు ఒక్కో యాసలో చెప్పారు. బర్నబా పలకలేక పలికిన ఒక మాటను అతని ముగ్గురు బిడ్డలూ అచ్చంగా అలాగే తప్పు పలికారు. గుడి లేని చోట, పాస్టరు లేని చోట విశ్వాసం నిలిచి ఉండటమే ఈ స్థలంలో జరిగిన మహాద్భుతమని పెద్దలు నేటికీ చెబుతారు. పాస్టరుగారు చేతులెత్తి దేవుణ్ణి స్తుతించి తీతయ్యను మెచ్చుకోబోగా, అతడు, "ఇందులో ఒక్క గొంతు తక్కువయ్యా" అన్నాడు.

కొత్త మందిరం కడుతూ, వాకిట నిలిపేందుకు ఆ ప్రార్థనను నాపరాతి మీద చెక్కమని తీతయ్యనే కోరారు. చాలా ఏళ్ల తర్వాత ఉలి పట్టిన అతడు పదకొండు రోజులు చెక్కి, అన్నం కోసం వేడుకునే మాట దగ్గర ఆగిపోయాడు. ఓపిక తగ్గిందనుకుని బర్నబా మిగతాది తాను చెక్కుతానన్నాడు. తీతయ్య ఒప్పుకోలేదు. "మిగతాది ఇంటివాళ్లు చెప్పాలి" అని మాత్రం అని, ఉలి కింద పెట్టాడు.

ఇప్పటికీ రేగులదిన్నె మందిరం ముందు ఆ రాయి ఉంది. పైసగం అక్షరాలు, కిందిసగం నున్నని రాయి. దాని మూలాన ఆ స్థలానికి సగంరాయి అన్న పేరు స్థిరపడి, అసలు ఊరి పేరు అడిగితే చుట్టుపక్కలవారు తడుముకునే స్థితి వచ్చింది. ఏటా వాగు తగ్గిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, ఎనిమిదేళ్లు నిండిన పిల్లలను తల్లిదండ్రులు అక్కడికి తీసుకొస్తారు. బిడ్డ రాతి మీద చెక్కి ఉన్నంతవరకు చదివి, తలెత్తి తల్లి వైపో తండ్రి వైపో చూడాలి. మిగతాది వారు నోటితో చెప్పాలి. పాస్టరు గానీ, పక్కవారు గానీ మాట అందించకూడదన్నది అక్కడి కట్టుబాటు. చెప్పలేని తండ్రులు ఏటా ఒకరిద్దరు ఉంటూనే ఉంటారు. అప్పుడు జనమంతా తలలు వంచుకుని నిలబడతారు, ఆ బిడ్డ మాత్రం తండ్రి ముఖంలోకే చూస్తూ ఉంటుంది.