గూళ్లమేడలో ఆలకించే తల్లి

బోర్నియో దీవిలో, సారవాక్ సీమలో, పడవ తప్ప మరో దారి లేని సెలాయూ నది ఒడ్డున ఈ క్షేత్రం ఉంది. పట్నంలో పడవ ఎక్కిన భక్తులకు ఆఖరి మలుపు తిరగగానే ఒక బూడిదరంగు సిమెంటు మేడ కనిపిస్తుంది. నాలుగు అంతస్తులున్నాయి గాని దానికి ఒక్క కిటికీ లేదు. ఇదేదో గిడ్డంగి కాబోలు, గుడి ఇంకా ముందుందా అని పడవవాణ్ణి అడగని యాత్రికుడు లేడు. గుడి ఇదే. లోపల రాతి విగ్రహం ఉండదు. ఒక చెక్క పలక, దానికి అంటుకున్న చిన్న తెల్లని పిట్టగూడు, ఆ గూటి అంచున కాస్త పసుపు. ఆ పలకనే ఆలకించే తల్లి అని కొలుస్తారు. ఇక్కడ గంట లేదు, మేళం లేదు, మైకు అసలే లేదు. హుండీ కూడా లేదు. ఎందుకు లేవని అడగకుండానే దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు ఎక్కువైనందువల్ల ఈ కథ అచ్చు వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పూర్వమంటే ఏ త్రేతాయుగమో అనుకోవద్దు. టేపురికార్డర్లూ జెనరేటర్లూ వచ్చిన తరువాతి మాటే. అప్పుడు ఈ ఒడ్డున ఇబాన్ జాతివారి పొడుగిల్లు ఒక్కటే ఉండేది. ఒకే కప్పు కింద, ఒకే వసారా వెంట ఊరంతా కాపురం ఉండే ఇల్లు అది. నేటికీ ఉంది.

ఆ ఊరికి దాలినాయుడు అనే తెలుగువాడు భార్యాబిడ్డలతో వచ్చాడు. శ్రీకాకుళం నుంచి మలయా కొబ్బరితోటల్లో పనికి పోయినవారి మనవడు అతడు. బోర్నియోలో ఒక జాతి నల్లపిట్టలు తమ ఎంగిలితోనే గూడు కట్టుకుంటాయనీ, ఆ గూడును వెండి తూకంతో కొని చీనావారు పులుసు కాచుకుంటారనీ ఎవరో అతని చెవిలో వేశారు. కిటికీలు లేని చీకటిమేడ కట్టి, పైన ఒక కన్నం వదిలి, పిట్టల కూతల టేపు పెడితే చాలు, అడవిలోని గువ్వలన్నీ వచ్చి కాపురం పెడతాయట. అతడు ఇల్లు అమ్మాడు. పెళ్లాం ఒంటిమీద పుస్తెలు మాత్రం మిగిల్చాడు. ఆశపడటం తప్పని మేము అనము. ఆశ ముందు మిగతావారందరినీ చెవిటివాళ్లను చేయడమే తప్పు.

అతని భార్య పేరు అసిరమ్మ. ఇద్దరు బిడ్డలను పురిట్లోనే పోగొట్టుకున్న తరువాత ఆమెకు ముత్యాలు పుట్టింది. ఆ పిల్ల తప్ప ఆమెకు ఈ లోకంలో వేరే ఆస్తి లేదు. పడవ ఎక్కేటప్పుడు బిడ్డ చెయ్యి పట్టుకుని మగడితో ఒక్క మాటే అంది. "నాకు మేడలొద్దు, బంగారాలొద్దు. ఈ గుంట నిలిస్తే సాలు."

ఆ సీమలో పొడుగింటివారి నేలను పైవారికి అమ్మరు. అయినా ఆ ఇంటి పెద్దావిడ తన జాగాలో కొంత చూపించి, ఉన్నన్నాళ్లూ ఉండండని మాట ఇచ్చింది. ఆమెను అందరూ ఇందై సూలి అనేవారు. ఇందై అంటే అక్కడ అమ్మ. సూలి ఆమె పెద్దకొడుకు పేరు. అసిరమ్మ ఇటుకలు మోసింది, ఇసుక జల్లించింది. ముత్యాలు పొడుగింటి పిల్లలతో కలిసి వారి మాట నేర్చుకుని, తల్లికి కూడా నేర్పింది. ఆ ఏడాది అసిరమ్మ సుఖంగానే ఉంది. ఈ మాట చాలామంది చెప్పరు గనుక ఇక్కడ చెబుతున్నాము.

మేడ లేచింది. నాలుగు దిక్కులకూ నాలుగు గొట్టం మైకులు బిగించి దాలినాయుడు టేపు వేశాడు. పగలనక రాత్రనక కీచుకీచుమని ఒకటే గోల. పిట్ట ఒక్కటీ రాలేదు. అతడు శబ్దం పెంచాడు. అయినా రాలేదు. ఇంకా పెంచాడు.

ఒకనాడు ఇందై సూలి చాప అల్లిక పక్కనపెట్టి అసిరమ్మ దగ్గరకు వచ్చింది. వసారా నుంచి చూస్తే రేవు కనబడదు, గట్టు అడ్డం. కాబట్టి సాయంత్రం పిల్లలు నీళ్లలో ఆడుతుంటే ముసలివాళ్లు వసారాలో చాపలల్లుతూ చెవులు అటు పెట్టి ఉంచేవారు. ఆ ఊళ్లో పిల్లలను చెవులే కాచేవి.

"అమ్మాయీ, విత్తనం చల్లే ముందు మేము అడవిపిట్ట ఏమంటుందో వింటాము. సాయంత్రం రేవులో పిల్లల మాట వింటాము. మీ ఆయన డబ్బా రెండింటినీ మింగేస్తోంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఆపమని చెప్పు."

అసిరమ్మ చెప్పింది. దాలినాయుడు చెవిన పెట్టలేదు. "ఆపితే ఎలాగే? పిట్టలు బయలెల్లేదీ, మల్లొచ్చేదీ ఆ రెండు పూటలే గదా. ఉన్నదంతా దీన్లో పోసినాం. ఒక్క ఏడాది ఓపిక పట్టీ."

అతని మాట కాదని ఒక సాయంత్రం ఆమె జెనరేటరు ఆపేసింది. అతడు పొడుగిల్లంతా చూస్తుండగా మీదికి వచ్చి, నా కొంప ముంచుతావేటే అని కేకలేశాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తరువాత మళ్లీ ఆ మీట జోలికి పోలేదు. అక్కడే ఆమె తప్పు చేసిందని కొందరు యాత్రికులు తీర్పు చెబుతారు. పడవ దిగి, కొబ్బరినీళ్లు తాగి చెప్పే తీర్పులు తేలికగానే ఉంటాయి.

ఎగువన వానలు పడిన ఒక సాయంత్రం రేవులో నీరు ఒక్కసారిగా పెరిగింది. పిల్లలు తలో దిక్కుకూ గట్టెక్కారు. ముత్యాలు మాత్రం కట్టివున్న పడవ తాడు పట్టుకుని నీళ్లలో ఉండిపోయింది. పిల్లలు అరిచారు. ముత్యాలు అరిచింది. వసారాలో ఇందై సూలి చెవికి టేపులోని పిట్టలు తప్ప మరేమీ వినబడలేదు. మేడ గుమ్మంలో బియ్యం ఏరుతున్న అసిరమ్మకూ వినబడలేదు. ఒక పిల్ల పరుగున వచ్చి ఆమె కొంగు పట్టి రేవుకు లాక్కువచ్చేసరికి తాడు ఒక్కటే నీళ్లమీద ఆడుతోంది. దిగువ మలుపులో వలవేసేవారు బిడ్డను తెచ్చి ఒడ్డున పడుకోబెట్టారు.

కొంగు పట్టి లాగిన పిల్లను అసిరమ్మ ఒక్కటే అడిగింది, నా ముత్యాలు నన్ను పిలిచిందా అని.

"పిలిచింది. చాలాసేపు పిలిచింది" అంది ఆ పిల్ల.

అసిరమ్మ ఏడవలేదు. కత్తి తీసుకుని మేడ ఎక్కి నాలుగు తీగలూ నరికింది. దిగి వచ్చి చీకటిమేడలో గోడకు చెవి ఆనించి కూర్చుంది. ఎవరు పిలిచినా బయటకు రాలేదు. ఇందై సూలి రోజూ ఇంత అన్నం తెచ్చి గుమ్మంలో పెట్టి, తానూ గుమ్మం బయట కూర్చునేది. తానూ వినలేకపోయిన మనిషే గదా.

అటుపైన జరిగినది రాయడానికి మాకు మనసొప్పదు. కాని స్థల పురాణం గనుక రాయాలి. మైకులు నోరు మూసుకున్న తరువాత పిట్టలు వచ్చాయి. మొదట ఒక జంట, ఆ తరువాత ఒక గుంపు, ఆ వెనుక చీకటి పడేవేళకు ఆకాశం నల్లబడేటన్ని వచ్చి ఆ కన్నంలోంచి లోపలికి దిగాయి. కప్పు కింది చెక్క పలకలకు తెల్లని గూళ్లు వేలాడాయి. దాలినాయుడు కళ్లనీళ్లతో లోపలికి పరుగెత్తాడు.

"సూసినావా అసిరీ! మన ముత్యాలే తోలినాది ఈటిని!"

ఆమె ఆ కత్తి ఇంకా ఒళ్లోనే ఉంచుకుంది. "గూట్లో సెయ్యెట్టినావంటే ఆ సెయ్యి ఉండదు" అంది. అతడు పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో ముత్యాలు తడిజుట్టుతో వచ్చి నిలబడింది. "అమ్మా, ఇక్కడ ఎవుల్నీ అరవనీకు. అరిస్తే నా మాట నీకు ఇనబడదు" అని చెప్పి పోయింది. ఈ క్షేత్రానికి ఆజ్ఞ అదే. గంట లేకపోవడానికి కారణం కూడా అదే.

కొన్నాళ్లకు ఇందై సూలి మనవరాలు అడవిలో దారి తప్పింది. ఊరంతా వెతికి అలిసిపోగా, మేడలోంచి అసిరమ్మ, ఎగువ వాగు దగ్గర ఏడుస్తోంది వెళ్లండి అని చెప్పింది. పిల్ల అక్కడే దొరికింది. ఆ మాట నది పొడుగునా పాకి జనం పడవలు కట్టుకుని రావడం మొదలైంది. అప్పుడు దాలినాయుడు పట్నం వెళ్లి ఒక ఇనుపహుండీ, భక్తిపాటలు వేయడానికి కొత్త మైకుసెట్టు తెచ్చాడు. పిట్టలు ఇవ్వనిది దేవత ఇస్తుందని అతని లెక్క.

అసిరమ్మ బయటకు వచ్చింది ఆ ఒక్కరోజే. "గుంటని మింగిన డబ్బాని గుంట గుడికే తెచ్చినావా?" అని రెండింటినీ రేవులోకి దొర్లించింది. అతడు అడ్డం రాలేదు. వచ్చిన పడవలోనే పట్నం వెళ్లిపోయి, ఆఖరిదాకా తన భార్య దేవత అని అందరికీ చెప్పుకుంటూ బతికాడు. ఆమె మాత్రం గోడకు చెవి ఆనించే కన్నుమూసింది. పొడుగింటివారు ఆమె తలపైనున్న పలకను, పిల్లలెగిరిపోయిన గూటితో సహా దించి, ఆమె కూర్చున్నచోట నిలిపారు. అదే నేటి మూర్తి.

ఇప్పటికీ ఈ క్షేత్రంలో పూజారి మంత్రాలు మనసులోనే చదువుతారు. మైకు పెడితే ఆదాయం పెరుగుతుందని దాలినాయుడి తరపువారు ఏటా కమిటీలో లేవనెత్తుతూనే ఉంటారు. మేము ఏటా కాదంటూనే ఉంటాము. సంధ్యవేళ తల్లులు గట్టుమీద నిలబడగా, పిల్లలు మోకాటిలోతు నీళ్లలోకి దిగి ఒక్కొక్కరే అమ్మా అని పిలుస్తారు. ఎవరి బిడ్డకు వారు, ఎంత పనిలో ఉన్నా, అక్కడికక్కడే పలకాలి. ఇలా పలికిన తల్లుల బిడ్డలు ఏ నీటికీ, ఏ అడవికీ చిక్కరని, నిండు నూరేళ్లు బతుకుతారని ఇక్కడివారి నమ్మకం. ఆ ఫలం ఇంతమందికి ఇచ్చిన తల్లికి, ఆ ఒక్క పిలుపు మాత్రం ఇప్పటికీ వినబడలేదు.