మువ్వలరేవు ఆలకింపులమ్మ: తిట్టి సాగనంపే తల్లి

వంశధార సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరంగా ఇసుక దారిన నడిస్తే మువ్వలరేవు వస్తుంది. ఇప్పుడక్కడ రేవు లేదు, ఓడలూ లేవు. సరుగుడు తోపు, ఎండుచేపల వాసన, వాటి నడుమ శ్రీ ఆలకింపులమ్మ వారి గుడి ఉన్నాయి. అమ్మవారిది మోకాలెత్తు నల్లరాతి విగ్రహం. తల కాస్త పక్కకు వాల్చి, కుడి అరచేయి చెవి వెనక పెట్టుకుని, ఎవరో చెప్పేది వింటున్నట్టు నిలబడి ఉంటుంది. ముల్లోకాల్లో ఇలాంటి అమ్మవారు మరొకరు లేరు. ఉన్నారని ఎవరైనా అంటే ఆ ఊరి పేరు అడగండి, చెప్పలేరు.

కొత్తగా వచ్చిన భక్తులు ఇక్కడొక వింత చూసి తెల్లబోతారు. దూరదేశంలో సేవ చేయడానికి ఏళ్ల తరబడి వెళ్లేవారిని, నర్సులైతేనేం, బడిపంతుళ్లైతేనేం, ఇంటివాళ్లు ఇక్కడికి తీసుకువచ్చి నోరారా తిడతారు. వెళ్లే మనిషి బుగ్గల నిండా నీళ్లు పట్టుకుని, అమ్మవారిలాగే చెవి వెనక చేయి పెట్టుకుని నిలబడాలి. గుడిలో ఈ గోల ఏమిటి? అమ్మవారు ఎలా ఊరుకుంటున్నారు? నింపాదిగా కూర్చుని వినవలసిన సంగతి ఇది.

పూర్వం ఇక్కడ మహారేవు ఉండేది. తెరచాపలు ఎంత దట్టంగా కమ్ముకునేవంటే మిట్టమధ్యాహ్నం కూడా రేవులో దీపాలు పెట్టుకునేవారు. ఆ రోజుల్లో నూతులు తవ్వే గవిరేసు అనే యువకుడు ఉండేవాడు. నేలకు చెవి ఆనించి మంచినీరు ఎక్కడుందో చెప్పడం అతని విద్య. ఏడు తాటిచెట్ల లోతున ఊట కదిలినా అతనికి వినబడేది. చెవి ఇంకాస్త నొక్కితే పాతాళంలో వాసుకి ఆవులించిన చప్పుడు కూడా వినబడేదని పెద్దలు చెప్పేవారు. పెద్దలు మొహమాటానికి తగ్గించి చెప్పి ఉంటారు.

తల్లిదండ్రులు లేని గవిరేసును పెంచింది అతని అప్ప, అంటే అక్క, ఎర్రయ్యమ్మ. ఆమె పెరట్లో కేకేస్తే నడిసముద్రంలో సరంగులు కంగారుపడి చుక్కాని తిప్పుకునేవారు.

ఒకనాడు గవ్వలదీవి నుంచి ఓడ వచ్చింది. దీవిలో ఉప్పునీళ్లు తాగి పసిపిల్లలు రాలిపోతున్నారని, నుయ్యి పడే చోటు చూపించే మనిషి కావాలని, రేవులు తిరిగి మన భాష నేర్చిన ఓడ సరంగు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నేనొస్తాను" అన్నాడు గవిరేసు. దీవి అంతటా నూతులు పడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ మాట అప్పకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పాతాళం దాకా వినగలిగినవాడు ఆమె ఏడుపు వినలేననుకున్నాడు. ఆమె సంతకు వెళ్లిన సమయం చూసి, గునపం భుజాన వేసుకుని రేవుకు వచ్చేశాడు.

"నాయనా, ఎక్కేముందు నీ విద్య ఒకసారి చూపించు" అన్నాడు సరంగు. గవిరేసు ఇసుకకు చెవి ఆనించాడు. ఏమీ వినబడలేదు. రెండో చెవి ఆనించాడు. అదీ అంతే. సరంగు ముఖం వాడిపోయింది. సాయంత్రం పోటు మీద ఓడ కదలాలి.

గవిరేసు దిగులుతో తెరచాప నీడలో ఒరిగి కునుకు తీశాడు. కలలో ఒక నల్లని ఆడమనిషి చెవి వెనక చేయి పెట్టుకుని కనబడింది. "వినవలసిన మాట వినకుండా వచ్చావు కదూ! అది వినేదాకా నీకు నీళ్లు వినబడవు" అంది.

గవిరేసు ఇంటికి పరుగెత్తాడు. అతని నీడ చాలాసేపటికి గాని వచ్చి అతన్ని కలుసుకోలేకపోయింది. సంతలోనే సంగతి తెలిసి ఇల్లు చేరిన ఎర్రయ్యమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "అప్పా, ఏదో ఒకటి అను" అని కాళ్లు పట్టుకున్నాడు. ఆమె పలకలేదు. ఆ గొంతు మూగపోవడం అదే మొదలు. వీధికుక్కలు కూడా భయపడి తోకలు ముడిచాయి. చేట మాత్రం ఆగలేదు. పోటు పెరుగుతోంది. చేసేది లేక అతను రేవుకు తిరిగి వచ్చాడు.

తాను పనికిరానని సరంగుతో చెప్పబోతుండగా వెనక నుంచి కేక వచ్చింది.

"ఒరే గవిరీ! సెప్పకుండా ఎలిపోతావేట్రా?"

రేవులో ఉన్న ఓడలన్నీ లంగరు తెంపుకున్నాయి.

"మంచి పనికే ఎల్తన్నావు, నానొద్దంతానా? నానేటి రాకాసినా? దొంగోడినాగ గునపం ఒట్టుకుని ఎలిపోతావా? సంతలో నీకోసం కొర్రమీను తెచ్చినాను. దానికేటి సమాదానం సెప్పమంతావు?"

రేవంతా నవ్వింది. "అది కాదప్పా" అని గవిరేసు నోరు తెరిచాడు. ఒళ్లు మండి ఎర్రయ్యమ్మ నేలను కాలితో తన్నింది. అంతే! అలలు తాకే ఒడ్డున, కొబ్బరినీళ్లలాంటి తీయని ఊట తాటిచెట్టంత ఎత్తున లేచింది. ఆమె దానివంక చూడనైనా లేదు. దోసెడు నీళ్లు పట్టి తమ్ముడి నోట్లో పోసి, "మింగకు! నా మాట అయ్యేదాకా మింగినావంటే సూడు" అంది.

గవిరేసు చెవి వెనక చేయి పెట్టుకుని విన్నాడు. పాకే వయసు నుంచి అతను చేసిన ఆగడాలన్నీ ఆమె ఏకరువు పెట్టింది. సూర్యుడు కూడా వింటూ అస్తమించడం మరచిపోయాడు. తిట్లు తగ్గుతూ, గొంతు జీరపోతూ, చివరికి ఒక్క మాట మిగిలింది.

"అక్కడ నీకు గంజి ఎవులు కాస్తార్రా?"

పక్కనే ఉన్న సరంగుకు ఆ మాట వినబడలేదు. గవిరేసుకు వినబడింది. ఆ వెంటనే కాళ్ల కింద నీళ్ల చప్పుడూ వినబడింది.

"ఇంక మింగు" అంది ఎర్రయ్యమ్మ. మింగాడు. కలలో చూసిన రూపం ఆమెకు చెప్పి ఓడ ఎక్కాడు. ఊట లేచిన చోట నుయ్యి తవ్వితే అదే రూపంలో అమ్మవారి విగ్రహం దొరికింది.

గవిరేసు తిరిగి రాలేదు. విగ్రహానికి అక్కడే కట్టిన గుడి ఊడుస్తూ ఎర్రయ్యమ్మ ముసలిదైంది. అప్పుడు గవ్వలదీవి నుంచి మళ్లీ ఓడ వచ్చింది. తమ దీవినిండా తీపినీళ్ల నూతులున్నాయని, మన భాష రాని ఆ మనుషులు సైగలతో చెప్పారు. కొత్త నుయ్యి తవ్వినప్పుడల్లా, నేలను కాలితో తన్ని, తమ మొదటి గురువు నేర్పిన మంత్రం చదువుతారట. అర్థం ఎవరికీ తెలియదట. చదవమంటే వినయంగా చేతులు కట్టుకుని చదివారు.

"ఒరే గవిరీ! సెప్పకుండా ఎలిపోతావేట్రా?"

ఎర్రయ్యమ్మ చెవి వెనక చేయి పెట్టుకుంది. "మల్లీ సదవండి" అంది.

నేటికీ ఆ నుయ్యి ఎండలేదు, ఆ ఆచారం తప్పలేదు. తిట్టేవారు మనసులో ఏదీ దాచుకోకూడదు. వినేవారు నవ్వాపుకోలేక నీళ్లు ఉమ్మేస్తే మళ్లీ మొదటి నుంచి తిట్టించుకోవాలి. ఇలా సెలవు తీసుకున్నవారికి పరాయి నేల మీద నీళ్లు తీయగా తగులుతాయని, చేపట్టిన సేవ నిండుతుందని పెద్దల మాట.

తిట్టడానికి ఎవరూ లేనివారు కూడా అప్పుడప్పుడు ఒంటరిగా వస్తారు. వారిని పూజారమ్మ తిట్టదు. దోసిట్లో నీళ్లు పోసి, దగ్గరగా వంగి, వారికి మాత్రమే వినబడేలా అడుగుతుంది: "అక్కడ నీకు గంజి ఎవులు కాస్తారు?"