ఇశ్రాయేలు చెప్పని సాక్ష్యం

కాలువ చివరనున్న ముత్యాలంకలో ఇశ్రాయేలు అనే సంఘపెద్ద ఉండేవాడు. పాత పాపాలు ఒప్పుకోవడంలో ఎంత ధైర్యవంతుడో, కొత్తవి దాచుకోవడంలో అంత గట్టివాడు. మందిరంలో సాక్ష్యం చెప్పమంటే చాలు, కుర్రతనంలో తాను తాగిన కల్లు సంగతి ఎత్తుకునేవాడు. తాగి ఎక్కడెక్కడ పడ్డాడో, ప్రభువు ఎలా లేవనెత్తాడో కళ్లనీళ్లతో చెప్పేవాడు. అందరూ "స్తోత్రం" అనేవారు. ఆ మాట ఆయన చెవికి మహా ఇంపు.

ఒక ఏడు కాలువకు నీళ్లు సరిగ్గా రాలేదు. రైతులు వంతులు వేసుకున్నారు. ఇశ్రాయేలు పొలం పక్కనే కరుణమ్మ అనే విధవరాలు కౌలుకు వరి వేసింది. తన వంతు రోజున ఆమె గంజి తాగడానికి ఇంటికి వెళ్లింది. అదను చూసి ఇశ్రాయేలు ఆమె బోదెకు గండి కొట్టి నీళ్లన్నీ తన చేలోకి మళ్లించుకున్నాడు. ఆమె వచ్చేలోపే గండి పూడ్చేశాడు. పొట్ట మీదున్న ఆమె వరి, మళ్లీ వంతు వచ్చేలోపే ఎండి, గింజ పట్టక తాలు పోయింది.

"ఎలా ఎండిందమ్మా?" అని ఊరంతా అడిగారు.

"గట్టుమీద కునుకు తీసుంటుందిలే" అన్నాడు ఇశ్రాయేలు, జాలిపడుతున్నట్టుగా.

పెద్దమనిషి మాట కదా, అందరూ నమ్మారు. నీళ్లు కాచుకోలేని మనిషికి కౌలెందుకని కామందు పొలం లాక్కున్నాడు. కరుణమ్మ సిగ్గుతో మందిరానికి రావడం మానేసింది. కోతలకు ఇశ్రాయేలు చేలోకే కూలికి వచ్చి, తన నీళ్లు తాగిన పంటను తన చేత్తోనే కోసింది. గట్టుమీద నిలబడి అది చూసిన ఇశ్రాయేలుకు ఆ రోజు నుంచి ప్రార్థన రాలేదు. మోకరిస్తే నోరు పెగిలేది కాదు. దేవుడు తనకేసి వీపు తిప్పుకున్నాడని భయం పట్టుకుంది. ఉపవాసాలున్నాడు. మందిరంలో మళ్లీ కల్లు కథ చెప్పి ఇంకాస్త ఎక్కువ ఏడ్చాడు.

పాస్టరుగారు ఆయన్ని పక్కకు పిలిచారు.

"ఇశ్రాయేలుగారూ, ఆ కల్లు సంగతి దేవుడు ఎప్పుడో మరిచిపోయాడు. మీరే గుర్తుచేస్తున్నారు. కొత్తదేమైనా ఉంటే చెప్పండి."

ఇశ్రాయేలు చేలో పనుందని చెప్పి వెళ్లిపోయాడు.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. రొట్టె పళ్లెం పట్టుకుని పంచేది ఆయనే. ఆ రోజు దాన్ని బల్లమీద పెట్టేసి, సంఘమంతటి ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఒక్కరూ స్తోత్రం అనలేదు.

అక్కణ్నుంచి తిన్నగా కరుణమ్మ గుమ్మంలోకి వెళ్లాడు.

"నీ నీళ్లు మళ్లించింది నేనే కరుణమ్మా. నన్ను క్షమించు."

పొయ్యి దగ్గరున్న కరుణమ్మ మండుతున్న కట్టెను వెనక్కి లాగి లేచి నిలబడింది.

"ఇప్పుడా అన్నా చెప్పేది? గంజి తాగి వెంటనే వచ్చేశాను, పడుకోలేదంటే నా కూతురు కూడా నమ్మలేదు. నిజంగానే నిద్రపోయానేమోనని చివరికి నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. అది ఎలా తీరుస్తావు?"

ఇశ్రాయేలు అటునుంచి అటే కామందు దగ్గరికి వెళ్లి నిజం చెప్పాడు. ఆ పొలం అప్పటికే వేరేవాళ్ల చేతికి పోయింది. అప్పుడు ఇశ్రాయేలు తన చేలో సగం, నీటి వంతుతో సహా, కరుణమ్మకు రాసి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. క్షమించానని మాత్రం అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

పొలం రాసిచ్చిన సాయంత్రం ఇశ్రాయేలు మోకరించాడు. కన్నీళ్లు రాలేదు, మాటలు వచ్చాయి. మొట్టమొదట కరుణమ్మ కోసం ప్రార్థించాడు. దేవుడు వింటున్నాడని ఆయనకు తెలిసింది. సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది.

నీతి: ఎవరికి అన్యాయం చేశామో వారి ముందు తప్పు ఒప్పుకుని, చెడగొట్టినదాన్ని చేతనైనంత సరిదిద్దడమే నిజమైన పశ్చాత్తాపం, అది దేవుడికి మనల్ని మళ్లీ దగ్గర చేస్తుంది, కానీ ఆలస్యమైతే ఎదుటివారికి జరిగిన నష్టం దేవుడు క్షమించినా తీరదు.