పడవను వదలని గుల్ల

ఒకప్పుడు గుల్లకు ఇల్లు లేదు.

గుల్ల అంటే తెలుసుగా? సముద్రం ఒడ్డున రాళ్ల మీద, పడవల అడుగున, తెల్లగా, గరుగ్గా, బుల్లి బుల్లి కొండల్లా అంటుకుని ఉంటుంది, అదే. ఇప్పుడు దాన్ని పీకబోతే మన గోళ్లు ఊడతాయి గానీ అది ఊడదు. ఆ రోజుల్లో అలా కాదు. అప్పుడది ఆవగింజంత మెత్తటి పురుగు. దానికి పెంకు లేదు. దేన్నైనా పట్టుకుందామంటే పట్టు లేదు. అల ఎటు తోస్తే అటు పోవడమే దాని బతుకు.

అమ్మ పక్కన పడుకుని కళ్లు మూస్తే, తెరిచేసరికి అమ్మ ఎక్కడో ఉండేది, తను ఇంకెక్కడో ఉండేది. చేపల గుంపు నోళ్లు తెరుచుకుని వస్తే దాక్కోవడానికి ఓ మూల కూడా ఉండేది కాదు.

"సముద్రం తాతా, కాసేపు కదలకుండా ఉండవా? ఒక్క కునుకు తీస్తాను" అని గుల్ల బతిమాలింది.

"కదలకుండా ఉంటే నేను చెరువునైపోతానే పిల్లా!" అని నవ్వింది సముద్రం. "కదలని దాన్ని చూసుకుని పట్టుకో. నన్ను పట్టుకుంటే ఏం వస్తుంది?"

గుల్ల రాయిని పట్టుకుంది. జారిపోయింది. తాబేలు వీపెక్కింది. "అబ్బా, చక్కిలిగింతలు!" అని తాబేలు విదిలించేసింది.

అలా కొట్టుకుపోతూ పోతూ ఓ రోజు పొద్దున్నే, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటికి చేరింది. అక్కడ లంగరు వేసుకుని ఓ పడవ ఊగుతోంది. పడవ పేరు బంగారి.

బంగారి మసేనుది. మసేను చేపలు పట్టేవాడు. మనిషి తాటిదుంగలా ఉండేవాడు గానీ మనసు వెన్న. ఎవరేమడిగినా "సరే" అనడమే తప్ప "కాదు" అనడం రాదు. కాకి వచ్చి చేపనిమ్మంటే సరే. పిల్లి వచ్చి నాకూ అంటే సరే. కొంగ వచ్చి కాకికిచ్చావు, పిల్లికిచ్చావు, నేనేం పాపం చేశానంటే దానికీ సరే. ఇల్లు చేరేసరికి బుట్టలో పొలుసులు మిగిలేవి.

అందుకని "కాదు" అనే పనంతా వాడి పెళ్లాం అసిరమ్మ మీద పడింది. ఇద్దరికీ సరిపడా ఆవిడొక్కతే అనేది.

గుల్ల వచ్చిన పూట మసేను ఒక్కడే పడవలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్!" అని నీళ్లలోంచి సన్నటి గొంతు వినిపించింది. "బాబాయ్, నీ పడవ అడుగున కాస్త చోటిస్తావా? ఆవగింజంత చోటు చాలు."

మసేను వంగి చూశాడు. ఆ చిన్న ప్రాణం ఒక్క చోట నిలవలేక గిరగిరా తిరుగుతోంది. వాడికి జాలేసింది.

"ఆవగింజంతేగా, సరే. అంటుకో."

"అంటుకోవడమే రాదు బాబాయ్. జారిపోతాను."

మసేను ఒడ్డుకెళ్లి తుమ్మచెట్టు ముందు నిలబడ్డాడు. "తుమ్మమ్మా, ఓ చిన్నదానికి కాస్త జిగురు కావాలి."

"తీసుకో నాయనా. ముల్లు గుచ్చుకుంటే నన్ననకు" అంది తుమ్మచెట్టు.

జిగురు వచ్చింది. ఇప్పుడది ఎక్కడ రాసుకోవాలి? గుల్ల తెగ ఆలోచించింది. "కాళ్లకి రాసుకుంటే కాళ్లు ఆడించలేను. మూతికి రాసుకుంటే తిండి తినలేను. ఇక మిగిలింది తలే" అని నెత్తిన రాసుకుని, తలకిందులుగా వెళ్లి బంగారి అడుగున అతుక్కుపోయింది. కాళ్లు మాత్రం నీళ్లలో ఆడుతున్నాయి.

"అయ్యో పిచ్చితల్లీ, తలకిందులుగా అన్నమెలా తింటావే?" అన్నాడు మసేను.

"కాళ్లతో ఊడ్చుకుని తింటాను బాబాయ్! అబ్బ, ఎంత హాయిగా ఉంది! అల వచ్చింది, వెళ్లింది. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను!"

ఆ సంబరం ఎంతో సేపు నిలవలేదు. కదలకుండా కూర్చున్న పురుగును చూసి చేపలన్నీ పోగయ్యాయి. గుల్ల కెవ్వుమంది. మసేను తెడ్డుతో నీళ్లు కొట్టి చేపల్ని తోలాడు. కానీ అస్తమానం తెడ్డు పట్టుకుని ఎవరు కూర్చుంటారు? ఏం చెయ్యాలో తెలియక ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పుకున్నాడు.

అసిరమ్మ అప్పుడే ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసింది. గోడలకి వెల్ల వేద్దామని కుండ ముందు పెట్టుకుని కూర్చుంది.

"కాకైంది, పిల్లైంది, ఇప్పుడు పురుగులు కూడానా మావా? నన్ను కూడా ఎవరైనా అడిగితే ఇచ్చేస్తావేటి?"

"దానికిల్లు లేదే అసిరీ."

"అయితే?"

"పాపం, చలికి వణుకుతున్నట్టుందే."

అసిరమ్మ గొణుక్కుంటూనే కొబ్బరిచిప్ప నిండా సున్నం తీసుకుంది. గొణుక్కుంటూనే నీళ్లలోకి దిగింది. ఊపిరి బిగబట్టి మునిగి, గుల్ల చుట్టూ బొటనవేలితో సున్నం మెత్తి గోడ కట్టింది.

"తలుపు కూడా పెట్టు పిన్నీ" అంది గుల్ల.

"గోడే ఎక్కువనుకుంటే తలుపు కూడానా!" అని కసిరి, తలుపూ పెట్టింది.

ఇల్లు కుదిరింది. తలుపు తీస్తే తిండి, మూస్తే నిద్ర. గుల్ల ఆనందానికి హద్దు లేదు. ఆ ఆనందం అందరికీ చెప్పుకోవద్దూ?

మర్నాడు, "బాబాయ్, మా అక్క వచ్చింది" అంది.

"సరే, ఉండమను."

"బాబాయ్, మా మేనత్త, ఆవిడ పిల్లలు."

"సరే."

"బాబాయ్, వీళ్లెవరో నాకూ తెలీదు. కానీ పాపం, ఇల్లు లేదట."

"సరే, సరే."

పెళ్లివారు విడిదిలో దిగినట్టు గుల్లలు దిగాయి. మొదటిది తనకి మిగిలిన జిగురూ సున్నమూ వచ్చినవాళ్లందరికీ పంచింది. గుల్లల సందుల్లో పచ్చటి నాచు గడ్డంలా పెరిగింది. ఆ రోజుల్లో పడవల్ని ఒడ్డుకు లాగే అలవాటు లేదు. అవి ఎప్పుడూ నీళ్లలోనే ఉండేవి. అందుకని అడుగున ఏం జరుగుతోందో పైన ఎవరికీ కనిపించేది కాదు.

తెలిసింది బంగారికే. "మసేనూ, నా నడుముకి రాళ్లు కట్టినట్టుంది" అని మూలిగింది. ఒకప్పుడు తెరచాప విప్పితే కొంగలా పోయే పడవ, ఇప్పుడు గేదెలా ఈడ్చుకుంటూ పోతోంది. మసేను తెడ్డు వేసీ వేసీ భుజాలు వాచిపోయి ఇంటికి వచ్చేవాడు.

అసిరమ్మ ఆముదం రాస్తూ తిట్టేది. "ఏకులా వచ్చి మేకులా దిగబడ్డారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. పొమ్మని చెప్పు మావా."

"సున్నం పెట్టి ఇల్లు కట్టిందెవరే?"

అసిరమ్మ ఆముదం గిన్నె పక్కన పెట్టేసింది.

వానాకాలం వెళ్లింది. ఓ రోజు మధ్యాహ్నం ఊరి పడవలన్నీ దూరాన చేపలు పడుతుంటే తూర్పుగాలి పరిగెత్తుకుంటూ వచ్చింది. "పదండి, పదండి! వెనకాలే మా అన్న తుఫాను వస్తున్నాడు. ఆయనకి నాలాగా మంచీ చెడూ తెలీదు!"

పడవలన్నీ తెరచాపలెత్తి పిట్టల్లా ఒడ్డుకు ఎగిరిపోయాయి. బంగారి మాత్రం పాకుతోంది. మసేను బలమంతా పెట్టి తెడ్డు వేస్తున్నాడు. ఆకాశం నల్లబడింది.

"బాబాయ్, అందరూ వెళ్లిపోయారు. మనమెందుకు ఇంత మెల్లగా పోతున్నాం?" అని కింద నుంచి గుల్ల అడిగింది.

మసేనుకు జవాబు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ చిన్నదానితో ఆ మాటనడానికి వాడికి మనసు రాలేదు. "గాలి సరిగా లేదు తల్లీ" అన్నాడు.

బంగారి ఊరుకోలేదు. "గాలికేం రోగం! బరువు మీదే. మీ అందరినీ మొయ్యలేక చస్తున్నాను!"

గుల్ల నిర్ఘాంతపోయింది. "అక్కా, అత్తా, దిగండి! అందరం దిగిపోదాం!" అని అరిచింది. గుల్లలన్నీ ఒక్కసారిగా తలలు లాక్కున్నాయి. మళ్లీ లాక్కున్నాయి. ఎక్కడ! తుమ్మ జిగురు రాయైపోయింది. ఒక్కటీ ఊడలేదు.

ఇంతలో తాటిచెట్టంత అల లేచింది. బంగారిని ఎత్తి బోర్లా పడేసింది.

మసేను నీళ్లలో మునిగాడు. పైకి వచ్చాడు. మళ్లీ మునిగాడు. తెడ్డు పోయింది, వల పోయింది. చేతికి తగిలింది బోర్లాపడ్డ బంగారి అడుగు ఒక్కటే. ఉత్త చెక్కై ఉంటే తడికి చెయ్యి జారిపోయేదే. కానీ అక్కడ గుల్లలున్నాయి. గరుకు గరుగ్గా, ఒకదాని పక్కన ఒకటి. మసేను వేళ్లు వాటి సందుల్లో దిగబడ్డాయి.

"గట్టిగా పట్టుకో బాబాయ్! మేం వదలం. నువ్వూ వదలకు!"

అల మీద అల వచ్చి కొట్టింది. గుల్లల అంచులకు మసేను అరచేతులు కోసుకుపోయాయి. అయినా పట్టు వదల్లేదు. నీళ్లు పక్కకి తగ్గినప్పుడల్లా గుల్లలు గుక్కెడు నీళ్లు లోపల దాచుకుని తలుపులు బిగించుకున్నాయి. నీళ్లు ముంచినప్పుడల్లా తలుపు తీసి, "ఉన్నావా బాబాయ్?" అని అడిగాయి.

"ఉన్నాను తల్లీ" అన్నాడు మసేను. అడిగిన ప్రతిసారీ అన్నాడు.

తుఫానుకి కూడా విసుగొచ్చింది. "ఏం పట్టుర్రా మీది!" అని, ఓ పెద్ద అలతో పడవనీ మనిషినీ ఒడ్డుకు విసిరేసి తన దారిన పోయాడు.

అసిరమ్మ అప్పటికే ఇసకలో అటూ ఇటూ పరిగెడుతోంది. మొగుణ్ణి చంకల కింద చేతులు వేసి పైకి లాగింది. ఊపిరుందని తెలిశాక భోరుమని ఏడ్చింది. ఏడుపు ఆగాక వాడి అరచేతులు చూసింది. తర్వాత బంగారిని చూసింది. అడుగంతా తెల్లగా, చెక్కన్నది కనపడకుండా గుల్లలు. ఆవిడకి అంతా అర్థమైంది. ఇంట్లోకి పోయి కత్తి పట్టుకొచ్చింది.

"పిన్నీ, గీకెయ్" అంది మొదటి గుల్ల మెల్లగా. "మా బరువుకే పడవ బోల్తా పడింది. బాబాయి మాతో చెప్పనైనా చెప్పలేదు."

"కాదు" అన్నాడు మసేను.

అసిరమ్మ తిరిగి చూసింది. ఆ మాట వాడి నోట వినడం ఆవిడకదే మొదలు.

"వీళ్ల వల్ల మునిగిన మాట నిజమే. వీళ్ల వల్లే బతికిన మాట కూడా నిజమేనే అసిరీ. కత్తి పక్కన పెట్టు."

అసిరమ్మ కత్తి పక్కన పెట్టింది. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరిదీ తప్పనలేకపోయారు. ఎలా ఉన్నవాళ్లని అలా వదలనూ లేకపోయారు.

చివరికి అసిరమ్మే తెగ్గొట్టింది. "పడవ అడుగు చెక్కలు ఎలాగూ చీలిపోయాయి. వాటిని విప్పేద్దాం. గుల్లల్తో సహా తీసుకెళ్లి ఆ రాళ్ల మధ్య బిగిద్దాం. అక్కడ నీళ్లు వస్తాయి, పోతాయి. మీ ఇళ్లు మీకుంటాయి. పడవకి కొత్త చెక్కలేసుకుంటాం."

"మేం సరే పిన్నీ" అంది గుల్ల. "కానీ మా పిల్లలున్నారు. ఇంకా నీళ్లలో తిరుగుతున్నారు. వాళ్లు మాలాగే పడవ మీదకే వస్తారు. ఒకటి చెబుతా విను. సొరచేప కార్జం కాచి నూనె తియ్యి. గుగ్గిలం నూరి అందులో కలుపు. అది పడవ అడుగున పట్టించు. ఆ వాసనకి మా పిల్లలు తొందరగా దరికి రారు, వచ్చినా జారిపోతారు. అప్పుడప్పుడు పడవని ఒడ్డుకు లాగి ఎండకి పెట్టు. ఆ నూనెని కూడా దాటి ఎవరైనా అంటుకుంటే, చిన్నగా ఉన్నప్పుడే గీకెయ్. పాతుకుపోయేదాకా మాత్రం చూడొద్దు."

"నీ పిల్లల్ని గీకమని నువ్వే చెబుతున్నావా?" అంది అసిరమ్మ.

"నీ ఇంటాయన్ని మళ్లీ అలా నీళ్లలో చూడలేను పిన్నీ."

ఆ చెక్కల్ని మసేనే భుజాన మోసుకెళ్లి రాళ్ల సందుల్లో బిగించాడు. పోటు వచ్చి నీళ్లు కప్పగానే గుల్లలన్నీ తలుపులు తీశాయి. నీళ్లలో కాళ్లు ఆడిస్తుంటే చేతులూపుతున్నట్టే ఉంది. మసేను కట్టుకట్టిన చెయ్యెత్తి తనూ ఊపాడు. అసిరమ్మ ముక్కు చీదుకుని, "పద మావా, నూనె మాడిపోతుంది" అంది.

రాళ్ల మీద ఉంటూ గుల్ల తన పిల్లలకి రోజూ ఒకటే మాట చెప్పేది. "మనకి రాళ్లు చాలు. తాబేలు వీపుంది, కర్రలున్నాయి. పడవలవాళ్లు గీకితే కోపం తెచ్చుకోకండి, వాళ్ల బతుకు వాళ్లది. కానీ పడవ కనిపిస్తే మాత్రం ఓసారి వెళ్లి చూడండి. దాంట్లో మా బాబాయి మనవళ్లు ఉండొచ్చు. ఎప్పుడైనా అది బోల్తా పడితే, పట్టుకోవడానికి వాళ్లకేదైనా ఉండాలి కదా!"

అప్పటినుంచే గుల్ల తలకిందులుగా అతుక్కుని, సున్నపు ఇంట్లో ఉండి, కాళ్లతో ఊడ్చుకుని తింటుంది. అప్పటినుంచే పల్లెకారులు పడవని ఒడ్డుకు లాగి, అడుగు గీకి, నూనె పట్టిస్తారు. ఎన్నిసార్లు గీకినా, ఎంత నూనె రాసినా గుల్ల అలగకుండా మళ్లీ మళ్లీ వచ్చి పడవను పట్టుకునేది కూడా అప్పటినుంచే.